ముప్పై అడుగుల బోరు బొమ్మ: నల్లగొండ నేలను గుడ్డ మీదికి తెచ్చిన పని

నల్లగొండ జిల్లా పడమటి మండలాల్లో, అంటే మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు, ఏ గుట్ట ఎక్కి చూసినా ప్రకృతి దృశ్యాలు గీసే మనిషికి చేతినిండా పని దొరుకుతుంది. ఎర్ర చెల్కలు, వాటి నడుమ పెద్ద పెద్ద గుండ్లు, గట్ల వెంట తాటిచెట్లు, ఎండలు ముదిరే ముందు ఆకు రాల్చి ఎర్రగా పూసే మోదుగ, దూరంగా ముదురాకుపచ్చని బత్తాయి తోట. రంగులు వాటంతట అవే పొందికగా కుదురుతాయి.

నాకు చిక్కు వచ్చింది ఈ అందంతోనే. ఈ నేలకూ ఇక్కడి మనుషులకూ మధ్య తరాలుగా నడిచిన కష్టం ఆ దృశ్యంలో ఎక్కడా కనిపించదు. ఆ కష్టం నీళ్లలో ఉంది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలిసే రుచి లేదు. ఎంత శ్రద్ధగా చూసి గీసినా బొమ్మలోకి రాదు. కంటికి కనిపించేదాన్ని నమ్ముకుని బతికే కళ, కనిపించని హానిని ఎలా చూపాలి? నేను వేసిన ముప్పై అడుగుల గుడ్డ చిత్రం ఈ ప్రశ్నకు ఒక జవాబు. ఆ పని ఎలా సాగిందో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో, చూసినవాళ్లు ఏమన్నారో తోటి చిత్రకారుల కోసం రాస్తున్నాను.

వదులుకున్న చోట్లు

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఇలాంటి పనికి తగిన చోట్లకు కొదవ లేదు. మొదట నా ఆలోచన మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి మీదికి పోయింది. దాదాపు ఏడు వందల ఏళ్ల వయసని చెప్పుకునే ఆ మర్రికి చెద పట్టింది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. 2018లో కొమ్మలకు రంధ్రాలు చేసి, రోగికి సెలైన్ ఎక్కించినట్టు, పలచబరిచిన క్లోర్‌పైరిఫాస్ మందును సీసాల నుంచి చుక్క చుక్కగా ఎక్కించారు. గీస్తే చూడగానే అర్థమయ్యే బొమ్మ అది. అందుకే వదిలేశాను. చూసినవాళ్లు చెట్టు మీద జాలిపడి ఇంటికి వెళ్లిపోతారు. తమకూ ఆ చెట్టుకూ మధ్య ఉన్న లావాదేవీ ఏమిటని అడగరు.

సోమశిల కూడా అంతే. శ్రీశైలం జలాశయంలో నీరు తగ్గినప్పుడు అవతలి వైపు సంగమేశ్వరాలయం బయటపడుతుంది. ముంపు కథ అక్కడ తనను తానే చెప్పుకుంటుంది. చిత్రకారుడు అందులో కలిపేది తక్కువ.

రాతి గుణం రాతిది

నల్లగొండ వైపు నన్ను లాగింది ఒక ఇబ్బందికరమైన నిజం. మనిషి చెడగొట్టిన ప్రకృతి అనే తేలికైన కథ ఇక్కడ నడవదు. నేను గీయాలని మోజుపడ్డ ఆ గ్రానైటులోనే ఫ్లోరైడు ఉంది. ఫ్లోరైట్, అపటైట్, నల్లగా తళుక్కుమనే బయొటైట్ అభ్రకం వంటి ఖనిజాల్లో అది ఇమిడి ఉంటుంది. రాతి పగుళ్లలో నీరు ఎక్కువ కాలం నిలిస్తే మెల్లగా కరిగి అందులో చేరుతుంది. నీటిలో కాల్షియం తక్కువై బైకార్బనేట్ ఎక్కువైతే ఇంకా చేరుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ హద్దు దాటిన నీళ్లు పసితనం నుంచి తాగితే పళ్లకు గార పడుతుంది. మోతాదు ఎక్కువగా ఉన్న నీళ్లే ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, ఎముకలు వంగుతాయి.

బోర్లే ఈ జబ్బును తెచ్చాయని చాలామంది అనుకుంటారు. అది కూడా సగం మాటే. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు వల్ల పళ్లకూ ఎముకలకూ వచ్చే ఈ జబ్బు) గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన పరిశోధన పత్రం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అప్పటికి ఈ ఊళ్లకు చేదబావులూ మోటబావులే దిక్కు. లోతు బోర్లు ఆ తర్వాత వచ్చాయి. చెరువులు పూడుకుపోయి నేలలోకి ఇంకే కొత్త నీరు తగ్గింది. తాగడానికీ పంటకూ తోటకూ బోరు మీద బోరు పడింది. రాతితో చిరకాలం సావాసం చేసిన నీళ్లు పైకి వచ్చాయి. ఉన్న బాధను మనం ఇంకా లోతు నుంచి తోడుకున్నాం.

అదే 1955లో, డిసెంబరు 10న, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పల్లపు నేలలకు పారింది. ఎత్తున ఉన్న పడమటి పల్లెలకు ఆ పారుదల అందలేదు. కృష్ణ తమ జిల్లాను ఒరుసుకుని పోతున్నా అవి నేల కింది నీళ్లనే నమ్ముకున్నాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును అడుక్కి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందిస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అన్న పేరు స్థిరపడింది. ఒక జిల్లా పేరు దాని బాధతో ప్రపంచానికి తెలియడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్లు నల్లాల్లోకి వచ్చాక తాగునీటి సంగతి చాలావరకు మారింది. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కావు. తోటలకు బోర్లు దిగుతూనే ఉన్నాయి.

ఈ లెక్కలన్నీ వేసుకున్నాక బొమ్మకు ఒక షరతు తేలింది. రాతి గుణం రాతిది, లోతు మనది. రెండూ గుడ్డ మీద ఉండాలి. ఒక్కటే ఉంటే అబద్ధం చెప్పినట్టే.

దిగంతాన్ని పైకి నెట్టడం

మామూలుగా దృశ్యచిత్రంలో భూమికీ ఆకాశానికీ మధ్య గీత ఎక్కడో నడిమిన ఉంటుంది. నేల అంటే చూపు పారే పైపొర మాత్రమే. ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ దగ్గరి బిబేము రాతిగనులను చిత్రకారుడు పాల్ సెజాన్ 1895 నుంచి కొన్నేళ్లపాటు పదే పదే గీశాడు. మనిషి కోసి వదిలేసిన రాతిగోడలు అక్కడ ప్రకృతితో సమానంగా నిలబడ్డాయి. కోతపడ్డ రాయిని దయతోనూ భయం లేకుండానూ చూడవచ్చని ఆ బొమ్మల వల్లే నాకు ధైర్యం వచ్చింది. అయితే గనిలో చూపు ఆగడానికి గోడ ఉంటుంది. బోరు అలా కాదు. ఆరున్నర అంగుళాల రంధ్రం వందల అడుగులు దిగుతుంది, పైన చూస్తే ఒక పైపు మూత తప్ప ఏమీ ఉండదు.

కాబట్టి దిగంతాన్ని గుడ్డ పైఅంచుకు నెట్టాను. మూడడుగుల వెడల్పు గుడ్డ, పైన అడుగున్నర మేర మాత్రమే గుట్ట, తోట, ఆకాశం. దాని కింద ముప్పై అడుగులూ భూగర్భమే. కొలత ఇలా పెట్టుకున్నాను: రెండు అడుగుల లోతుకు ఒక అంగుళం. నేను వెంట ఉండి చూసిన బోరు 720 అడుగులు దిగింది. ఆ లెక్కన 360 అంగుళాలు, అంటే సరిగ్గా ముప్పై అడుగులు. ఇంత పొడుగు దేనికి, చిన్న గుడ్డలో సూచనగా చూపితే చాలదా అని మిత్రులు అడిగారు. చాలదు. 720 అంకె చదివితే ఒక క్షణం. దాని పక్కన నడిస్తే కాళ్లకు తెలుస్తుంది.

నిలువు పటం ఆలోచన నాది కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు కులపురాణాలు చెప్పే కథకుల కోసం వేసే పటాలు ఇలాగే గజాల కొద్దీ ఉంటాయి. ఒక్కో అడ్డపట్టీ విప్పుతూ కథ నడుపుతారు. వాళ్లు గుడ్డను సిద్ధం చేసే తీరునే తీసుకున్నాను. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, నూరి, ఉడికించి వడగట్టిన జిగురులో సుద్దమట్టి కలిపి ఖద్దరు మీద పూతలు పూయాలి. ప్రతి పూతా ఆరాక నున్నని రాయితో రుద్దాలి. ఆ పూత చుట్టినా సులువుగా పగలదు. బజారులో దొరికే తెల్లపూత కాన్వాసు ఈ పనికి పనికిరాదని నా అభిప్రాయం. చుట్టి విప్పే పటానికి ఆ బిగువు నప్పదు.

పొడి

బోరు లారీ దగ్గర అందరి కళ్లూ నీళ్ల కోసం చూస్తాయి. నాకు కావలసింది పొడి. కంప్రెసర్ గాలికి రంధ్రంలోంచి చిమ్ముకొచ్చే ఆ పొడిలో భూమి తన పొరలను వరసగా బయటపెడుతుంది.

మొదట ఇటుకరంగు మన్ను, తేమగా, వేళ్లకు అంటుకుంటూ. తర్వాత మొరం, పసుపు కలిసిన గోధుమ. దాని కింద పుచ్చిన రాయి: పాలిపోయిన తెలుపు, ఎండలో పట్టుకుంటే గులాబీ ఛాయ, నలిపితే మెత్తగా ఉండి మధ్యలో గరుకు తగులుతుంది. పైమన్ను రంధ్రంలోకి కూలకుండా దింపే కేసింగ్ పైపు అక్కడి వరకే. దాని కింద గట్టిబండ మొదలవుతుంది, ఇక అంతా బూడిదరంగే. ఒకే బూడిద అని మొదట అనిపిస్తుంది. రంధ్రంలోకి ఒకదానికొకటి బిగిస్తూ దింపే ఇనుప రాడ్లలో రాడ్డు రాడ్డుకూ వేరు చేసి కవర్లలో పట్టి, తెల్లకాగితం మీద పక్కపక్కన పోసి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ఫెల్స్‌పార్ అనే ఖనిజం వంతు ఎక్కువున్నచోట ఎరుపు తొణుకుతుంది. బయొటైట్ ఎక్కువైతే పొడి నల్లబడి, రేకులు మెరుస్తాయి. పగులు తగిలినచోట హఠాత్తుగా తుప్పురంగు జీర. ఎన్నడో నీరు నడిచి ఇనుము తుప్పుపట్టిన గుర్తు అది.

ఈ పొడితోనే బొమ్మ వేయాలని నిశ్చయించుకున్నాను. 200 అడుగుల లోతు చూపే చోట 200 అడుగుల పొడే ఉండాలి. రంగు దుకాణంలో కొన్న బూడిదరంగుతో ఆ లోతును నటించడం నాకు ఇష్టం లేకపోయింది.

పని మాత్రం సులువు కాదు. రాతిపొడిలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఫెల్స్‌పార్. బంకలో తడపగానే పారదర్శకమై సత్తువ లేనట్టు అయిపోతుంది, ఆరాక మళ్లీ తేలుతుంది. తడి మీద చూసిన రంగును నమ్మకూడదు. నీళ్లలో కలిపి, బరువు ఇసుక అడుక్కి దిగాక పైన మిగిలిన మడ్డిని ఇంకో గిన్నెలోకి వంపి, గుడ్డలో వడగట్టి, ఆ మెత్తని మడ్డినే వాడాను. దాన్ని కల్వంలో తుమ్మబంకతో, బంక బిర్రుగా పగలకుండా రెండు మూడు చుక్కల తేనెతో నూరాలి. పలచగా పూయాలి. మందంగా పూస్తే గుడ్డ చుట్టినప్పుడు పెచ్చులు లేస్తాయి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఈ పొడిని పొడిగా నూరవద్దు. సన్నని రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి విరుగుడు లేదు. క్వారీల్లో, కంకర మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ల ఊపిరి తినేది ఈ ధూళే. తడిపి నూరండి, మాస్కు పెట్టుకోండి, పని అయ్యాక నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి.

కొన్న రంగు ఒక్కటే

ఈ పటంలో దుకాణం నుంచి కొన్న రంగు ఒక్కటే: బత్తాయి తోట ఆకుపచ్చ. నల్లగొండ బత్తాయికి పేరుమోసిన జిల్లా. ఆ పచ్చదనం ఈ నేల పైపొర నుంచి ఊరికే రాలేదు. మోటారు, కరెంటు, అప్పు, బోరు కలిసి నిలబెట్టిన పచ్చదనం అది. గుట్టకూ చెల్కకూ ఆ ఊరి మట్టినే వాడి, తోటకు మాత్రం ట్యూబులోని క్రోమియం ఆక్సైడ్ వాడాను. పైభాగంలో ఆ రంగు కాస్త ఎక్కువ మెరుస్తుంది, మిగతావాటితో పూర్తిగా కలవదు. కలవకూడదనే నా ఉద్దేశం.

నీళ్లకు నీలం వాడలేదు. రాతిలో పగుళ్లు ఉన్నచోట గుడ్డను అలాగే వదిలేశాను, పూత తెలుపు సన్నని గీతలుగా కనిపిస్తుంది. ఆ గీతల మీద మాత్రం అదే బోరు నీళ్లను కుంచెతో పెట్టి ఆరనిచ్చి, మళ్లీ పెట్టి, చాలాసార్లు చేశాను. మెల్లగా తెల్లటి ఉప్పు పొర కట్టింది. అది ఫ్లోరైడు అని నేను ఎవరికీ చెప్పను. ఆ నీళ్లలోని ఇతర లవణాల పొరే అందులో ఎక్కువ. ఫ్లోరైడు ఇక్కడా కనిపించదు. అయినా ఆ నీళ్లు గుడ్డలో ఉన్నాయి, అది చాలు.

పటంలో మనిషి ఆకారం లేదు. ఈ నిర్ణయం మీద నాకు ఎక్కువ వాదనలు ఎదురయ్యాయి. కాళ్లు వంగిన పిల్లల ఫొటోలు దశాబ్దాలుగా పత్రికల్లో వచ్చాయి, వాటివల్ల కదలిక వచ్చిందన్నది నిజం. కానీ ఆ ఊళ్లలో ఇప్పుడు యాభై దాటినవాళ్లు కెమెరా చూస్తే పక్కకు తిరగడం గమనించాను. తమ దేహాన్ని జిల్లా గుర్తుగా వాడుకోవడం వాళ్లకు విసుగు పుట్టించింది. ఇంకో వంగిన కాలు గీసి కన్నీళ్లు తెప్పించడం నా పని కాదనుకున్నాను. మనిషి ఈ పటంలో రంధ్రంగా ఉన్నాడు: పై నుంచి కింది దాకా, వెడల్పుకు నట్టనడుమ, బొగ్గుతో గీసిన ఒకే నిలువు గీత.

చూసినవాళ్లు

మొదట ఆ ఊళ్లోనే చూపించాను. ముప్పై అడుగులు వేలాడదీయడానికి ఓవర్‌హెడ్ ట్యాంకు తప్ప వేరే ఎత్తు లేదు. పంచాయతీ వాళ్లు ఒప్పుకున్నారు. కింద ఒక కర్ర కట్టి, గాలికి కొట్టుకోకుండా ఇద్దరు పట్టుకున్నారు.

రిగ్గు మీద పనిచేసే కుర్రాడు అంకెలు చూడకుండానే చదివాడు. "అన్నా, ఇక్కడ హ్యామర్ చప్పుడు మారింది. ఇదిగో, ఈ ఎర్ర జీర దగ్గర" అని వేలు పెట్టాడు. నిజమే. అది ఆ బోరులో మొదటి పగులు. ఒక పెద్దావిడ చాలాసేపు కింద నుంచి పైకి చూసి, "ఇంత రాయిలో నీళ్లెక్కడున్నాయి బిడ్డా?" అని అడిగారు. తెల్లగీతలు చూపించాను. ఆమె వేలితో తాకి, "ఇంత సన్నంగానా? దీనికోసమా ఇంత లోతు పోయింది!" అన్నారు. భూగర్భజలం అంటే నేల కింద చెరువు లాంటిదేదో ఉందని చాలామంది ఊహ. గట్టిరాతిలో నీరు వెంట్రుకవాసి పగుళ్లలోనే ఉంటుందని వివరించడానికి నాకు ఆ గీతలు ఉపయోగపడ్డాయి.

బోరు వేయించిన రైతు అందరూ వెళ్లాక వచ్చారు. తోట, గుట్ట చూసి బాగుందన్నారు. తర్వాత, "అన్నీ గీశావు. అప్పు ఎక్కడ గీశావు తమ్ముడూ?" అన్నారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర బొమ్మ లేదు. ఆయన దగ్గర లెక్క ఉంది. నకాషీ పటాలకు పక్కన అంచు ఉంటుంది. నేను ఆ అంచును ఖాళీగా ఉంచాను. ఎడమ అంచు మీద లెక్క రాయమని ఆయన్నే అడిగాను. ఎన్ని అడుగులకు ఎంత, కేసింగ్‌కు ఎంత, ఎక్కడ ఆపుదామనుకున్నారో, ఇంకో రెండు రాడ్లు దింపమని ఎందుకు అన్నారో, ఏ లోతు దగ్గర బామ్మర్దికి ఫోను చేసి డబ్బు అడిగారో, అంతా తన చేతిరాతతో రాశారు. రాత కిందికి పోయేకొద్దీ అక్షరాలు పెద్దవయ్యాయి. ఇప్పుడు పటంలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం అదే. ప్రకృతితో మన పేచీ ప్రకృతి ముందు నిలబడి జరగదు. ఎక్కువసార్లు అది రాత్రిపూట లెక్కల పుస్తకం ముందు జరుగుతుంది. రైతు ఆ లోతును ఎంచుకున్నది దురాశతో కాదు, ఎండుతున్న చెట్లను వదల్లేక. ఈ సంగతి రాతిపొడితో నేను చెప్పలేకపోయేవాణ్ని.

తర్వాత హైదరాబాదులో చూపినప్పుడు హాలు కప్పు అంత ఎత్తు లేదు. పైభాగం గోడకు పెట్టి మిగతాది నేల మీద పరిచాం. జనం పక్కన నడుస్తూ చూశారు. బూడిదరంగుల మేళవింపును మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. హాని ఇంత అందంగా కనిపించడం తప్పు కాదా అని ఒక విద్యార్థిని అడిగింది. నేను ఆ మాటతో ఏకీభవించలేదు. గ్రానైటు నిజంగానే అందమైన రాయి. ఆ అందాన్ని దాచి వికృతంగా చూపితే అది రాతి మీద నేరం మోపడమే. ఆ అమ్మాయి నడక కొస దాకా సాగి, అంచు మీది లెక్క చదివి మళ్లీ వచ్చి అడిగిన రెండో ప్రశ్న వేరే: ఇప్పుడు ఆ బోరులో నీళ్లు వస్తున్నాయా? వస్తున్నాయి, తోటలో సగానికి.

ఈ పద్ధతి వాడదలచినవారికి

ఇప్పుడు దేవరకొండ వైపు నీళ్లు పడని బోరు పొడితో ఇంకో పటం మొదలుపెట్టాను. అక్కడి బూడిదలో ఎరుపు పాలు ఎక్కువ. జడ్చర్ల, కల్వకుర్తి వైపు ఎవరైనా ఇలాంటి పని చేపడితే పొరలు వేరేగా వస్తాయి. రెండు పటాలు పక్కపక్కన వేలాడితే దక్షిణ తెలంగాణ కింది నేల ఎంత తేడాగా ఉందో తెలుస్తుంది.

లారీ రాకముందే రిగ్గు వాళ్లతో మాట్లాడుకోండి. పైపొరలు నిమిషాల్లో దిగిపోతాయి, అప్పుడు అడిగితే ఎవరూ ఆగరు. కవర్లు ముందే అంకెలు వేసి పెట్టుకోవాలి. ఒక్కో రాడ్డుకు రెండు పిడికిళ్ల పొడి చాలు. నీళ్లు తగిలాక పొడి బురదగా వస్తుంది, దాన్ని కవర్లో మూస్తే బూజు పడుతుంది, పళ్లెంలో ఆరబెట్టండి. రైతుకు ఆ రోజు మాట్లాడే మనసు ఉండదు. ఆయన్ని పలకరించడం ఇంకో రోజుకు పెట్టుకోండి. చింతగింజల పూతకు పురుగు పడుతుంది కాబట్టి పటం చుట్టేటప్పుడు వేపాకు ఎండబెట్టి లోపల వేయాలి, వానాకాలంలో నెలకొకసారి విప్పి నీడలో ఆరనివ్వాలి.